చెవులమ్మ పెదవి

పుంగనూరు,
2 మార్చి 1980.

కోపంతోనే అయినా ప్రేమగా, నా ఒక్కగానొక్క అన్నకు,

నువ్వు మదనపల్లె బస్టాండులో నన్ను బస్సెక్కించి, కిటికీలోంచి వేరుశనక్కాయల పొట్లం అందించి, "నాలుగు నెల్లే గదమ్మా, ఇందిరకు కానుపు కాంగానే నేనే వచ్చి పిల్సకపోతాను" అన్నావు. చూసినవాళ్లు చెల్లెలిని తిరునాళ్లకు పంపిస్తున్నాడనుకుని ఉంటారు. ఇక్కడ రంగనాయకత్త గుమ్మంలోనే అడిగింది, "యాల వచ్చినావే ఈ ఎండల్లో?" అని. గాలి మార్పుకని చెప్పాను. మీరు నేర్పించి పంపిన మాట అదే కదా. ఆ అబద్ధం ఒక్కసారి చెప్పాను, చాలు. ఇకమీదట ఎవరడిగినా నిజమే చెప్తాను, నీకు నచ్చినా నచ్చకపోయినా.

నిజం ఏమిటంటే, నా పెదవి చూసి చూసి వదిన కడుపులో బిడ్డకు కూడా ఇట్లాంటి పెదవే వస్తుందని మీరు నన్ను ఇంట్లోంచి పంపించేశారు. వదినకు తల్లి లేదు, కానుపు మన ఇంట్లోనే కావాలి, కాబట్టి వెళ్లాల్సింది నేను. ఇంత సూటిగా రాస్తే చదవడానికి నీకు కష్టంగా ఉందా? బస్సులో కూర్చున్న నాకు ఎట్లా ఉండిందో ఆలోచించు.

గ్రహణం రోజు సంగతి నువ్వు అమ్మ నోటి నుంచి విన్నావు. నా నోటి నుంచి కూడా విను. ఊరంతా తలుపులేసుకుంది. అమ్మ వదినను నడిమింట్లో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, గోక్కోవద్దు, చెయ్యి మడవద్దు అని పక్కనే కాపలా కూర్చుంది. నేను వెనక వసారాలో బ్లేడుతో మట్టి బొమ్మకు పెదవి చీలుస్తున్నాను. గ్రహణమని మర్చిపోయి చేశానని అమ్మతో అనమన్నావు నువ్వు. మర్చిపోలేదు. మట్టి తడి ఆరిపోతోంది, ఇంకొంచెం ఆగితే గీత పడదు, అందుకని చేశాను. నేను కోసింది మట్టిని.

అమ్మ నీళ్లకోసం వచ్చి చూసింది. "పాపిష్టిదానా, కడుపుతో ఉండే మనిషిని ఇంట్లో పెట్టుకోని ఏం కోస్తాండావే?" అని అరిచింది. బొమ్మను చేతిలోంచి లాక్కుని బండమీద వేసి తొక్కింది. "ఆ మూతి సూడు, అదే మూతి!" అంది. చూపుడువేలు బొమ్మ వైపే ఉంది అన్నా, కళ్లు మాత్రం నా ముఖం మీద ఉన్నాయి. చిన్నప్పుడు కుట్లు వేయించిన గీత మీద. నువ్వు పరుగెత్తుకొచ్చావు, చూశావు. మర్నాడు నా బట్టలు సర్దమని చెప్పావు.

ఇక ఆదివారాలు నేను ఆడిన ఆట సంగతి. అది జూదమని అత్తకు ఉత్తరం రాశావట. నాగరత్నమ్మగారు మదనపల్లెలో పదిమంది ఆడపిల్లలకు టైపు నేర్పి ఉద్యోగాలిప్పించిన మనిషి, ఆమె ఇంట్లో జూదమాడతారా? టీబీ శానిటోరియంలో పనిచేసిన దొరసాని తమ దేశానికి వెళ్లిపోతూ సామాన్లు అమ్మేస్తే, పుస్తకాలతో పాటు ఆ పెట్టె ఈమెకు దక్కింది. అందులో ఆట నియమాల పుస్తకం, ఎన్నో ముఖాలున్న పాచికలు, వేలెడంత సీసపు బొమ్మలు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. కొండల్లో, గుహల్లో ఎదురయ్యేదంతా కథ నడిపేవాళ్లు చెప్తే, "నేను ఇట్లా చేస్తాను, ఇట్లా అంటాను" అని మనం చెప్పాలి. జరుగుతుందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. మన పాత్ర నిలబడిన చోట మన బొమ్మ నిలబడుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు నేను వెళ్లింది దీనికి.

ఫోటో స్టూడియో గంగులప్ప పెద్ద మీసాల వీరుడయ్యాడు. ఫోటోలకు రంగులద్దే కుంచెతో తన బొమ్మకు మీసాలు దిద్దుకున్నాడు కూడా. నన్ను ఎవరివి అవుతావని అడిగారు. ఆ పెట్టెలో ఒక అందగత్తె బొమ్మ ఉంది, సన్నని నడుము, చేతిలో విల్లు. అందరూ దాన్నే నా వైపు జరిపారు. నేను వద్దన్నాను. కుందేలునవుతానన్నాను. మనిషిలాగే నిలబడి, చీర గోచీ పోసి కట్టి, చేతిలో కర్ర పట్టుకున్న కుందేలు మనిషి. పేరు చెవులమ్మ. నాగరత్నమ్మగారు పుస్తకం తిరగేసి, "జంతువుల తలకాయలుండే వాళ్లంతా దీంట్లో శత్రువులే సుభద్రా. పందిమూతోళ్లు, కుక్కతలలోళ్లు. గుహలో ఉంటారు, మనం పోయి సంపాల. అంతే రాసుండాది" అన్నారు. "రాసినోళ్లను బళ్లో ఎవురూ కుందేలు మూతని పిలిసుండరు లేండి" అన్నాను. ఆమె పుస్తకం మూసి, సరే అన్నారు. పెట్టెలో కుందేలు బొమ్మ లేదు కాబట్టి నేనే మట్టితో చేసుకుంటున్నాను, గ్రహణం నాడు అమ్మ తొక్కింది దాన్నే.

నన్ను బళ్లో అట్లా పిలిచేవాళ్లని నీకు తెలుసు. రెండుసార్లు నువ్వు వాళ్లను కొట్టి కూడా వచ్చావు. అప్పటి అన్న ఎక్కడికి పోయాడు? పోయిన ఏడాది పెళ్లిచూపులకు పంపడానికి నా ఫోటో తీయించి, గంగులప్పతో చాటుగా పెదవి గీత చెరిపించమన్నావు. అతను దిద్దలేక దిద్దలేక దిద్ది, నా చేతికే ఇచ్చి తల వంచుకున్నాడు. ఆ ఫోటోలో ఉన్న పిల్ల ఎవరో నాకు తెలియదు. ఆ పిల్లకు సంబంధం కుదిరితే నేను ఏ ముఖంతో కాపురానికి పోవాలి? ఇది నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

చెవులమ్మకు ఎవరూ ఏదీ దిద్దరు. ఆమె పెదవి చీలే ఉంటుంది, ఎందుకంటే కుందేలుకు పెదవి అట్లాగే ఉంటుంది. గ్రహణానికి ముందు ఆదివారం మేము కుక్కతలల వాళ్ల గుహ చేరాం. గంగులప్ప కత్తి దూశాడు. నేను అడ్డంగా నిలబడి, ముందు నేను మాట్లాడతానన్నాను. ఆ పుస్తకంలోనే ఉంది, కొట్టే ముందు రెండు పాచికలు వేసి ఎదుటివాళ్ల మనసు ఎట్లా ఉందో చూడొచ్చని. వేశాను. నాగరత్నమ్మగారు చూసి, వాళ్లు కర్రలు దించి వింటున్నారని చెప్పారు. ఆమాత్రం వినడం మన ఇంట్లో కూడా జరుగుతుందేమోనని ఎదురుచూశాను.

నేను శకునాన్ని కాదు అన్నా. చూస్తే అంటుకునే జబ్బునూ కాదు. వదినకు నా అభిమానం చెప్పు. చెప్పడానికి కూడా భయమేస్తే మానెయ్యి.

నీ చెల్లెలు,
సుభద్ర.

పుంగనూరు,
28 ఏప్రిల్ 1980.

అన్నకు,

కార్డు మీద రాస్తున్నాను, పోస్ట్‌మాన్ చదివినా పరవాలేదు. నువ్వు జవాబు రాయలేదు. రంగనాయకత్తకు నిజం చెప్పేశాను. ఆమె చేతిలో చాట కింద పెట్టింది. తర్వాత, "నేను కడుపుతో ఉన్నెప్పుడు ఇంటి ముందర రోజూ గాడిదను సూస్తా ఉంటిని. నా కొడుక్కి చెవులు బాగనే ఉండాయే!" అంది. నవ్వి నవ్వి ఇద్దరికీ కళ్లనీళ్లు వచ్చాయి. గంగులప్ప స్నేహితుడికి కుప్పంలో స్టూడియో ఉందట. నెగెటివ్‌ల మీద పెన్సిలుతో మచ్చలు దిద్దే పనికి మనిషి కావాలట. నేను వెళ్తున్నాను. నిన్ను అడగడం లేదు, చెప్తున్నాను.

సుభద్ర.

కుప్పం,
6 జూలై 1980.

కూతురు పుట్టిన సంతోషంలో ఉన్న అన్నకు,

పాప పుట్టిందన్న మాట చదివి స్టూడియోలో అందరికీ బెల్లం పంచాను. బంగారంలా ఉందన్నావు, వదిన కోలుకుందన్నావు. నాలుగైదు సార్లు చదువుకున్నాను ఆ వాక్యాలను. తర్వాత వాక్యం మాత్రం ఒక్కసారే చదివాను. "ముక్కూ మూతీ తీరుగా ఉన్నాయి, నిన్ను అప్పుడు పంపించడం మంచిదే అయింది, ఇంక వచ్చేయి" అని రాశావు.

మంచిదే అయింది! ఆ మాట రాసేటప్పుడు నీ చెయ్యి కొంచెమైనా ఆగలేదా? ఆలోచించు అన్నా. పాపకు పెదవి చీలి పుట్టి ఉంటే, గ్రహణం నాడు సుభద్ర కోసింది కాబట్టి అనేవాళ్లు. బాగా పుట్టింది కాబట్టి, సుభద్రను పంపించేశాం కాబట్టి అంటున్నారు. ఎట్లా తిప్పినా తప్పు నా మూతి మీదికే వస్తోంది. రేపు వదినకు మళ్లీ నెల తప్పితే నన్ను మళ్లీ బస్సెక్కిస్తావు. వీధిలో ఇంకొకామె కడుపుతో ఉంటే ఆమె అత్తగారు వచ్చి మీ పిల్లను లోపల ఉంచుకోండని అడుగుతుంది, మీరు సరేనంటారు. నేను అట్లాంటి ఇంటికి రాను.

ఇక్కడ నాకు బాగానే ఉంది. ఈ ఊళ్లో బజారుకు వెళ్తే ఒక మాట తెలుగులో, ఒక మాట తమిళంలో, ఒకటి కన్నడంలో వినిపిస్తుంది. నా మాట ముక్కులోంచి వస్తుందని ఎవరూ వింతగా తిరిగి చూడరు, ఇది కూడా ఏదో ఊరి యాస అనుకుంటారేమో. స్టూడియో నడిపే ముసలాయనకు మొదటిరోజే చెప్పాను, ఫోటో దిగిన మనిషి నోరు తెరిచి అడిగితేనే మచ్చ తీస్తాను, వెంటవచ్చిన అమ్మానాన్నలు అడిగితే తీయనని. ఆయన సణిగాడు గానీ ఒప్పుకున్నాడు. నా చెయ్యి బాగుందని ఆయనకు తెలుసు.

ఆట కూడా మొదలుపెట్టాను. నాగరత్నమ్మగారు నియమాలన్నీ టైపు చేసి పంపించారు. నాతో గది పంచుకునే చెంగమ్మ కుట్టుపని నేర్పిస్తుంది, పద్మావతి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పని చేస్తుంది. ఎవరేమవుతారని అడిగాను. పద్మావతి, "నా గొంతు బొంగురని మా నాయన నన్ను కాకీ కాకీ అనేవాడు. కాకినయితే కుదురుతుందా?" అంది. కుదరకేం! చెంగమ్మ లావుగా, నల్లగా ఉంటుంది, ఆమెను ఏమని పిలిచేవాళ్లో నేను అడగలేదు. ఆమే బొమ్మల మట్టి తీసుకుని కొమ్ములు చేసింది. "ఎనుమును ఎవురు ఆపుతారో సూస్తాను" అంది. ఇప్పుడు మా బల్ల మీద కాకి తల మంత్రగత్తె ఉంది, గేదె తల వీరురాలు ఉంది. వాటికి రెక్కలూ కొమ్ములూ నేనే దిద్దాను, ఎంత నల్లగా కావాలంటే అంత నల్లగా. ఈ కథలో కొండమీద కోటకట్టుకుని ఉన్నవాళ్లు అందమైన మనుషులు, వాళ్లే మా శత్రువులు. పుస్తకంలో ఇట్లా లేదు. లేకపోతే ఏం?

నేను రావాలంటే ఒక్కటే షరతు. నన్ను పంపించింది ఎవరికీ తెలియదని అనుకోకు, మన వీధి వీధంతా తెలుసు. వాళ్లందరూ ఉన్నప్పుడు, నువ్వు నోరు తెరిచి, సుభద్రను పంపించడం తప్పు అని చెప్పాలి. నా చెవిలో కాదు, ఉత్తరంలో కాదు. అప్పుడు వస్తాను. లేదంటే పాప పెద్దదై, తనే నన్ను వెతుక్కుంటూ కుప్పం వస్తుంది, వచ్చినప్పుడు తలుపు తీసే ఉంటుంది.

పాపను నా తరపున ముద్దు పెట్టుకో. దానికి భయమేమీ లేదు, నీ మూతి తీరుగానే ఉంది కదా.

సుభద్ర.

మదనపల్లె,
17 ఆగస్టు 1980.

మా సుభద్రకు, వదిన ఇందిర రాసేది,

పాపను ఒళ్లో వేసుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే అది దాని కాళ్ల పని. నువ్వు మీ అన్నకు రాసినవన్నీ చదివాను. దాచిపెట్టి కాదు, ఆయన చదివి బల్లమీద పడేసి ఆ గదిలోంచి వెళ్లిపోతారు, నేను చదువుతాను. ఇన్ని నెలలు నీకొక్క ముక్క రాయలేదని నామీద కోపం ఉండే ఉంటుంది. నేను చేస్తున్న పనిని కాగితం మీద పెట్టాలంటే భయమేసింది. ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, నేనే చెప్పాను, కాబట్టి నీకూ చెప్తాను.

నువ్వు వెళ్లాక వచ్చిన ఆదివారం నాగరత్నమ్మగారింటికి వెళ్లాను. నువ్వు ఇంక రావని చెప్పి వచ్చేద్దామనే వెళ్లాను. బల్ల మీద అన్నీ అట్లాగే ఉన్నాయి. నీ బొమ్మ ఉండాల్సిన చోట గంగులప్ప ఒక చింతగింజ పెట్టాడు. నాగరత్నమ్మగారు, "చెవులమ్మ గుహలో ఒంటిగా నిలబడుండాదమ్మా. కుక్కతలలోళ్లు ఆయమ్మ మాట కోసరం కాసుకోనుండారు. దాని తరపున మాట్లాడేవాళ్లు లేకుంటే ఆడ్నే సచ్చిపోతాది" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరి కోసం వచ్చిందో తెలుసు కదా. "నేను మాట్లాడొచ్చునా?" అని అడిగాను.

ఆరోజు నుంచి నెలలు నిండేదాకా ప్రతి ఆదివారం చెవులమ్మను నేనే. ఇంట్లో పారాయణమని చెప్పి వెళ్లేదాన్ని. నడిస్తే మంచిదని అత్తయ్యే పంపించేది. మొదట్లో "అది ఇట్లా అంటుంది" అని దూరంగా చెప్పేదాన్ని. నాగరత్నమ్మగారు ఒప్పుకునేవాళ్లు కాదు, నేను అంటున్నాను అని అనాలట. అట్లా అనడం మొదలుపెట్టాక ఆ పెదవి నాదే అయింది. చీలిన పెదవితో బేరాలాడాను, తిట్టాను, ఒకసారి కుక్కతలల వాళ్ల పెద్దతో పెళ్లిపాట కూడా పాడించాను. కడుపులో ఇది తన్నేది.

భయం లేదని మాత్రం చెప్పను. నువ్వు ధైర్యవంతురాలివి, నేను కాదు. ఒక ఆదివారం ఇంటికొచ్చి అద్దంలో నా మూతిని వేలితో తడుముకుంటూ నిలబడిపోయాను. ఏదైనా అయితే? బిడ్డకు నిజంగానే వస్తే? వస్తే రానీ అనుకున్నాను చివరికి. ఆ పెదవితోనే నవ్వే మనిషిని ఈ ఇంట్లో చూశాను, ఆ పెదవితోనే నన్ను మొదటిసారి వదినా అని పిలిచింది. వస్తే దాన్ని ఎవరూ బస్సెక్కించకుండా నేను గడపలో కూర్చుంటాను. అట్లా అనుకున్నాక మళ్లీ అద్దం దగ్గరికి పోలేదు.

పోయిన శుక్రవారం పాపను తొట్లో వేశాం. వీధిలో ఆడవాళ్లంతా వచ్చారు. కురబలకోట పెద్దమ్మ పాప గడ్డం పట్టుకుని చూసి, మీ అమ్మతో, "ఆ పిల్లను ముందుగానే దూరంగా తోలి మంచి పని జేసినావు వెంకటమ్మా. లేకుంటే దీని మొగం ఎట్లుండునో!" అంది. అందరూ అవునన్నారు. మీ అన్న ఆ పక్కనే మగవాళ్లకు తాంబూలాలిస్తున్నారు, విన్నారు, తల ఎత్తలేదు. నేను పాపను తొట్లోంచి తీసి ఎత్తుకుని నిలబడ్డాను. "సుభద్ర పోయిన కాడ్నుంచీ నేను దాని ఆట ఆడతాండాను. కుందేలు మూతిది నేనే. గ్రహణం నాడు ఎనక వసారాలో దాని బ్లేడు సప్పుడు యింటా పడుకోనున్యాను. అయినా నా బిడ్డ ఇట్లుండాది. అట్లుండినా నా బిడ్డే. సుభద్రను పంపించింది తప్పు" అన్నాను. పెద్దమ్మ తాంబూలం కూడా తీసుకోకుండా చెప్పులేసుకుంది.

అందరూ వెళ్లాక మీ అమ్మ వంటింట్లోకి వచ్చింది. తిడుతుందని కాచుకున్నాను. తలుపు దగ్గరే నిలబడి, "నిజంగానే పోతా ఉంటివా? అంత జేసినా బిడ్డకు ఏమీ కాలేదా?" అని అడిగింది. ఏమీ కాలేదత్తా అన్నాను. ఆమె కింద కూర్చుండిపోయింది. "సుభద్ర కడుపులో ఉండంగా గ్రహణం పట్టింది. నేను తెలీక గుమ్మడికాయ కోసినాను. మీ మామ పొయ్యేదాకా అదే మాటతో పొడిసినాడు. నేను కొయ్యకున్నా దానికి అట్లే వచ్చుండునా ఇందిరా?" అంది. వచ్చుండును అన్నాను. ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు నేను ఎప్పుడూ వినలేదు. నీ ముఖం చూసినప్పుడల్లా ఆమెకు తన కత్తిపీటే కనిపించేదట. నువ్వు ఆమెను క్షమించాలని ఇది రాయడం లేదు. ఆ మాట అడగాల్సింది ఆమె. నేర్చుకుంటోంది, కాస్త టైం పడుతుంది.

మీ అన్న నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటారు, పాపను ఎత్తుకుంటారు, నా వైపు చూడరు. నిన్న మాత్రం చెయ్యి కడుక్కుంటూ "కుప్పానికి పొద్దున బస్సు ఎన్నింటికో" అని గోడను అడిగారు. గోడకు తెలియదు కాబట్టి నేను చెప్పాను. వస్తారేమో. వచ్చి ఏమంటారో నాకు తెలియదు. నీ షరతును మాత్రం తగ్గించుకోకు. వీధిలో నేను అన్నాను కదా అని సరిపెట్టుకోకు, నేను అనడం వేరు, ఆయన అనడం వేరు. ఆయనను ఇక్కడికి తిరిగొచ్చి, అదే మాట అదే వాకిట్లో అననివ్వు. అప్పుడే రా.

ఒక్క సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత పోట్లాడుకోకూడదు. నువ్వు వస్తే నీ గది నీది, నీ మంచం నీది, పాప నీదీ నాదీ. చెవులమ్మను మాత్రం తిరిగివ్వను. నెలలు నిండేదాకా మోశాను దాన్ని, ఇప్పుడది నాది. నువ్వు ఇంకో జంతువును చూసుకో.

నీ వదిన,
ఇందిర.